మైకు తగ్గించిన చేయి

"నిన్ను తడిక వెనక నుంచి బయటికి తెచ్చింది నేను మాణిక్యం. అది మర్చిపోకు."

"మర్చిపోలేదండి బాబుగారూ. అందుకేనండి ఇన్నాళ్ళూ మీరు చెప్పినట్టల్లా చేశాను. ఇంక చెయ్యను. మీరిచ్చిన కుర్చీ అదిగో, అరుగు మీదే ఉంది. పట్టుకుపొమ్మనండి మీవోళ్ళని."

బట్టల కొట్టు పాపారావు గారికీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవి. ఆ తరవాత ఆయన చాలా ఏళ్ళే బతికాడు. ఒకే వీధి మాది. ఎదురుపడితే ఆయన కొట్టు వైపు చూసేవాడు, నేను రోడ్డు వైపు చూసేదాన్ని. మళ్ళీ ఒక్క మాట లేదు.

ఇది రాస్తున్నది నా మేనకోడలు సునీత. చెప్తున్నది నేను. నాకు సంతకం చేయడం వచ్చు, బస్సు మీద కాకినాడ అని ఉంటే గుర్తుపడతాను, అంతే నా చదువు. అయినా ఇరవై ఏళ్ళకు పైగా మైకు సెట్టు నడిపాను. ద్రాక్షారామం నుంచి కాకినాడ పోయే రోడ్డు మీద మా ఊరు. ఆ చుట్టుపక్కల నా మైకు గొట్టాలు కట్టని కొబ్బరిచెట్టు లేదు. ఇప్పుడు సునీత ఈ పనిలోకి దిగుతానంటోంది. మనిషంత ఎత్తు పెట్టెలు, కంప్యూటర్లో పాటలు, అవేవీ నాకు తెలియవు. సామాను గురించి నేను చెప్పేదేమీ లేదు. ఆంప్లిఫయర్ దగ్గర కూర్చున్న మనిషి గురించి చెప్తాను. సామాను మారింది గానీ ఆ మనిషి మారలేదు.

తడిక వెనక

మా ఆయన గొట్టం కట్టడానికి చెట్టెక్కి, వానకు తడిసిన మట్ట పక్కనున్న కరెంటు తీగకు తగిలి పోయాడు. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను. మొదలుపెడితే ఈ కాగితాలన్నీ దానికే అయిపోతాయి.

పెద్దకర్మ అయిన వారానికి బావగారు వచ్చి సామాను అమ్మేద్దామన్నారు. నేనే నడుపుతానన్నాను.

"ఆడమనిషివి, చెట్టెక్కుతావేంటి?"

"చెట్టెక్కేవోడు ఊళ్ళో ఎవడైనా దొరుకుతాడండి. మైకు ఎక్కడ పెడితే కుయ్యిమంటదో తెలిసినోడే దొరకడు."

గొప్ప కోసం అన్న మాట కాదు. మా ఆయన పక్కన పన్నెండేళ్ళు కూర్చుని చూశాను. మైకు మూతి గొట్టానికి ఎదురైతే కూత పెడుతుంది. సిమెంటు గోడల హాల్లో గొంతు రెండుగా వినిపిస్తుంది, అక్కడ తగ్గించి పెట్టాలి. పొలంలో సభైతే గాలి ఎటు వీస్తే గొట్టం అటు తిప్పాలి. ఆంప్లిఫయర్ మీద ఏం రాసి ఉందో నాకెప్పుడూ తెలియలేదు. వేదిక మీద మైకు బటనుకు సున్నం చుక్క పెట్టుకున్నాను. కింద జనం మధ్య పెట్టే మైకు బటనుకు పసుపు చుక్క. చెరిగినప్పుడల్లా మళ్ళీ పెట్టేదాన్ని. అదే నా చదువు.

పెళ్ళిళ్ళ దగ్గర వచ్చింది తంటా. పందిట్లో పొద్దున్నే మొదటి పాట వేసేది మైకు సెట్టు మనిషి. ఆ మనిషి ముండమోసినదైతే ఎలా? జనానికి నా మైకు కావాలి, నా ముఖం అక్కర్లేదు. దానికీ ఒక దారి కనిపెట్టారు. పందిరి వెనక ఒక తడిక కట్టి నన్నూ నా సామానునూ దాని వెనక కూర్చోబెట్టేవాళ్ళు. పెళ్ళికూతురు అటు వచ్చేటప్పుడు ఎవరో ఒకరు "మాణిక్యం, తల దించుకో" అని కేక వేసేవాళ్ళు. భోజనం విస్తట్లో తడిక కింద నుంచి తోసేవాళ్ళు. పెళ్ళిళ్ళతో మొదలై పేరంటాలకూ, చివరికి సభలకూ ఆ తడిక వచ్చింది. ఎవరూ చెడ్డమాట అనలేదు. అందరూ ఎంతో మర్యాదగానే కట్టారు దాన్ని.

మాస్టారి కింద మైకు

మా ఊరి గ్రంథాలయం హాల్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం సభ జరిగేది. దాన్ని నడిపేది సోమయాజులు మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎరువుల ధర మీదో, కాలవల మీదో, దేశం మీదో ఎవరో ఒకరు మాట్లాడతారు. మాట్లాడినవాళ్ళు కూర్చోగానే కింద మైకు తీసి జనంలో పెట్టాలి. అదీ అక్కడి ఆనవాయితీ. ప్రశ్న అడగనిదే ఏ సభా ముగియదు. కౌలు రైతు కలెక్టరాఫీసు వాళ్ళని నిలదీయడం నేను చూశాను. కిళ్ళీ కొట్టావిడ ఎమ్మెల్యేని "మీరు చెప్పింది నాకు అర్థం కాలేదండి, మళ్ళీ చెప్పండి" అంటే ఆయన మళ్ళీ చెప్పాడు.

మొదటి రోజు రెండు మైకులూ ఒకేలా పెట్టాను. మాస్టారు నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"కింద మైకు కొంచెం ఎక్కువ పెట్టమ్మా."

"ఎందుకండి, రెండూ ఒకటే కంపెనీవండి."

"మైకులు ఒకటేనే తల్లీ, మనుషులు ఒకటి కాదు. పైనున్న వాడికి మాట్లాడ్డం అలవాటు. కింద లేచినవాడికి కాళ్ళు వణుకుతుంటాయి."

ఈ పనిలో నాకు నేర్పినవాళ్ళు ఎవరని అడిగితే మా ఆయన తరవాత ఆ మాస్టారి పేరే చెప్తాను. అయితే ఆయన కూడా నన్ను తడిక వెనక నుంచి రమ్మని అనలేదు. ఆయనకు అది కనపడలేదు. పాపారావు గారికి కనపడింది. అక్కడే నేను పడిపోయాను.

కుర్చీ

ఆ పార్టీ పేరు చెప్పను. మేం జెండా పార్టీ అనేవాళ్ళం. సభ మొదలు జెండాతో, ఆఖరు జెండాతో. దేశం మా తల్లి అనేవాళ్ళు, ఆ తల్లిని మేమే కాపాడుతున్నాం అనేవాళ్ళు. మా ఊళ్ళో దానికి పెద్దదిక్కు పాపారావు గారు. మంచి మాటకారి. పదేళ్ళ పిల్లను కూడా 'అమ్మా' అని పిలిచేవాడు.

మొదటిసారి వాళ్ళ సభకు మైకు కట్టినప్పుడు అలవాటు ప్రకారం తడిక అడిగాను. ఆయన గయ్యిమన్నాడు.

"తడికేంటి? ఎవరు పెట్టారిది? భరతమాత బిడ్డవి నువ్వు. ముందుకొచ్చి కూర్చో."

వాళ్ళ కొట్లోంచి పేము కుర్చీ తెప్పించి వేదిక పక్కన వేయించాడు. దాన్ని ఇంటికి కూడా పంపించాడు, ఇక మీదట ఎక్కడికెళ్ళినా దాని మీదే కూర్చోమని. ఆ రోజు నేను ఏడ్చాను. సిగ్గుపడను చెప్పడానికి. మా ఆయన పోయాక అంతమంది ముందు నా ముఖం ఎత్తి కూర్చున్నది అదే మొదలు. తరవాత నుంచి పెళ్ళివాళ్ళు కూడా తడిక మానేశారు, పాపారావు గారి మాట కాదనలేక.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి వినండి. ఒకసారి ఇంకో పార్టీవాడు వచ్చి, ఎదుటివాళ్ళ సభలో మైకు కూత పెట్టించమని బతిమాలాడు, తరవాత బెదిరించాడు. చీపురు చూపించి పంపేశాను. అది కష్టం కాలేదు. బెదిరించేవాణ్ణి కాదనడం తేలిక. గౌరవం ఇచ్చినవాణ్ణి కాదనడమే కష్టం. మన నోరు మూసేది ప్రతిసారీ చెంపదెబ్బే కానక్కర్లేదు, ఒక్కోసారి కుర్చీ.

నాలుగైదేళ్ళలో ఊళ్ళో అన్నీ వాళ్ళ చేతికే వచ్చాయి. మార్కెట్ కమిటీ వాళ్ళది, గుడి కమిటీ వాళ్ళది, హైస్కూలు కమిటీ వాళ్ళది. ఆఖరుకి గ్రంథాలయం కూడా. మాస్టారిని ఎవరూ పొమ్మనలేదు. శాలువా కప్పి, "పెద్దవారు, విశ్రాంతి తీసుకోండి" అన్నారు. ఆదివారం సభ ఉంది గానీ ప్రశ్నలు చీటీ మీద రాసి ఇమ్మన్నారు. కౌలు రైతుకి చీటీ రాయడం రాదు. కిళ్ళీ కొట్టావిడకీ రాదు. నాకూ రాదు. చీటీల్లో ఏవి చదవాలో పాపారావు గారు చూసుకునేవాడు. ఎవరైనా లేచి గట్టిగా అడిగితే "దేశం ముందుకు పోతుంటే ఇలాంటి ప్రశ్నలు ఎవరికి లాభం?" అనేవాడు నవ్వుతూ. అంతే. పక్కవాళ్ళే ఆ మనిషి చొక్కా పట్టి కూర్చోబెట్టేవాళ్ళు.

కింద మైకు మాత్రం తీసేయలేదు. ఫొటోల్లో బాగుంటుందని ఉంచారు. నాతో మాత్రం ఒక మాట చెప్పాడు. "మాణిక్యం, ఎవడో తాగొచ్చి వాగుతాడు. నా కండువా ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదకి మారిందంటే కింద మైకు తగ్గించెయ్. ఆపొద్దు, తగ్గించు. ఆపితే గొడవవుద్ది."

తాగుబోతుల కోసమే అనుకున్నాను. మొదటిసారి నిజంగానే తాగినవాడు. రెండోసారి తాగనివాడు. మూడోసారి నేను చూడ్డం మానేశాను. కండువా ఒక్కటే చూసేదాన్ని.

సుగుణ

మిల్లు వీధిలో జాకెట్లు కుట్టే సుగుణ ఉండేది. మొగుడు జెండా పార్టీలో తిరిగేవాడు, ఊరేగింపుల్లో ముందు నడిచేది వాడే. ఇంటికొచ్చి దాన్ని కొట్టేవాడు. అది ఓర్చీ ఓర్చీ ఒకరోజు పోలీసు స్టేషనుకు పోయి కాగితం ఇచ్చింది. సాయంత్రానికల్లా పార్టీవాళ్ళ కుటుంబ గౌరవ సంఘం వాళ్ళు దాన్ని తీసుకొచ్చి, పాపారావు గారి కొట్టు వెనక గదిలో కూర్చోబెట్టి, కేసు వద్దని రాయించుకుని సంతకం పెట్టించారు. "మన ఇంటి ఆడది స్టేషను మెట్లెక్కితే మన సంస్కృతికే మచ్చ" అన్నారట. ఊళ్ళో మాత్రం సుగుణ తనంతట తనే ఒప్పుకుందని చెప్పారు. మిల్లు వీధి పెద్దలు కూడా అదే నమ్మి, మొగుడి దగ్గరికి పొమ్మన్నారు.

దానికి కావలసింది ఒక్కటే. తను ఒప్పుకోలేదని ఊరి ముందు చెప్పాలి. మూసిన గదిలో జరిగింది కాబట్టి తెరిచిన హాల్లో చెప్తే గానీ ఎవరూ నమ్మరు. ఊరు వింటే పెద్దలు తనను మళ్ళీ ఆ ఇంటికి పంపలేరు. అది దాని లెక్క. తెలివైన లెక్కే.

ఆగస్టు జెండా పండగ రోజు పొద్దున, గ్రంథాలయం హాల్లో మాతృమూర్తులకు సన్మానం పెట్టారు. ఆడవాళ్ళందరికీ బొట్టు, రవికల గుడ్డ. నాకు గుడ్డ ఒక్కటే ఇచ్చారు. స్త్రీ దేవత అని పాపారావు గారు గంటసేపు చెప్పాడు. "ఎవరికైనా సందేహాలుంటే అడగండి అమ్మా" అన్నాడు, ఎవరూ అడగరని తెలిసి.

సుగుణ లేచింది. కింద మైకు దగ్గరికి వచ్చింది.

"నా పేరు సుగుణండి. టేషన్లో నేనిచ్చిన కాగితం..."

కండువా మారింది.

నేను పసుపు చుక్క తిప్పాను.

దాని పెదాలు కదులుతున్నాయి. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక వరసల్లోంచి "ఏంటమ్మా, వినపడట్లేదు" అన్నారు. గొంతు పెంచింది. మైకు మీద వేలితో తట్టింది. నావైపు చూసింది. బాగుచెయ్యమని అడుగుతున్నట్టు చూసింది. నేను వైరు సర్దుతున్నట్టు వంగాను. ఈలోపు దాని మొగుడు వచ్చి దాని మోచెయ్యి పట్టుకున్నాడు. వేదిక మీద మైకులో పాపారావు గారు, "చెల్లెమ్మకి మొహమాటంగా ఉన్నట్టుంది. ఇంటి మాట ఇంట్లోనే చెప్పుకుంటుందిలెండి" అన్నాడు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ నవ్వు నా నాలుగు గొట్టాల్లోంచి ఊరంతా వినిపించింది.

మర్నాడు మిల్లు వీధి పెద్దలు దాన్ని అడిగారట, ఊరంతా ఉన్నచోట మైకు ఇస్తే ఎందుకు మాట్లాడలేదని. దాన్ని మొగుడింటికి పంపేశారు.

వినాయక చవితి ముందు బస్టాండులో కనపడింది. కుడిచేతికి పిండికట్టు, ఎడమచేతిలో సంచి. కాకినాడ పిన్ని ఇంటికి వెళ్ళిపోతోంది. తనే పలకరించింది.

"మాణిక్యంగారూ, ఆ రోజు మైకు పాడైందాండి?"

"అవునమ్మా. వైరు తెగిపోయింది."

"అనుకున్నానండి. లేపోతే మీరు ఊరుకుంటారా."

బస్సు వచ్చింది. ఎక్కి పోయింది. నేను అక్కడే చప్టా మీద కూర్చుండిపోయాను. నా పని మొత్తంలో నేను చేసిన మిగతా తప్పులు, కాల్చుకున్న ఆంప్లిఫయర్లు, పెళ్ళిలో చావు పాట వేయడం, అన్నీ చెప్పుకుని నవ్వుకోవచ్చు. ఇది నవ్వే తప్పు కాదు. ఎవరో చేయిస్తే చేశాననుకోవడానికి కూడా లేదు. కండువా ఆయనది, చెయ్యి నాది.

బ్యాటరీ

రెండు నెలలు మోశాను. ఆ తరవాత కాకినాడ వెళ్ళాను. పిన్ని ఇంటి వసారాలో ఎడమచేత్తో కాజాలు కుడుతోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. వైరు తెగలేదు, నేనే తగ్గించానన్నాను. అది సూది దించలేదు.

"మీకేం ఇచ్చారండి?"

"ఎప్పుడో ఒక కుర్చీ ఇచ్చారమ్మా."

"కుర్చీకాండి?"

తల దించుకుని కూర్చున్నాను. నన్ను క్షమించమని అడగలేదు, అది క్షమిస్తాననీ అనలేదు. ఇప్పటికీ అనలేదు. కాజా ముడేసి దారం కొరికి, "అయితే మళ్ళీ పెట్టండి మైకు. అక్కడే. ఆ జనం ముందే. నేనొత్తాను" అంది.

ఎన్నికల ముందు హైస్కూలు మైదానంలో జెండా పార్టీ మహిళా సభ పెట్టింది. మధ్యాహ్నం మూడింటికి. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళని ట్రాక్టర్ల మీద తెచ్చారు. మైకు నాదే. పొద్దుటే వెళ్ళి గొట్టాలు కట్టించాను. ఎవరూ అడక్కుండానే కింద మైకు పెట్టాను. కరెంటుతో పాటు లారీ బ్యాటరీ కూడా ఆంప్లిఫయర్‌కి తగిలించి, దానిమీద గోనె కప్పాను. కుర్చీ ఇంటి దగ్గరే వదిలేసి బ్యాటరీ పక్కన నేల మీద కూర్చున్నాను.

పాపారావు గారు చూశాడు. "కింద మైకెందుకు మాణిక్యం? ఇవాళ ప్రశ్నల్లేవుగా."

"అలవాటండి."

ఉపన్యాసాలు అయ్యాయి. వందన సమర్పణకు ఎవరో లేచారు. సుగుణ ముందు వరస ఆడవాళ్ళలో, తలమీద కొంగుతో కూర్చుని ఉంది. నేను సున్నం చుక్క తగ్గించాను, పసుపు చుక్క పెంచాను. పెంచి, నేనే వెళ్ళి కింద మైకు పట్టుకున్నాను. ఇరవై ఏళ్ళ పనిలో నేను మైకులో 'ఒకటి రెండు మూడు' కాక వేరే మాట మాట్లాడింది అదే.

"నేను మైకు సెట్టు మాణిక్యాన్నండి. జెండా పండగ రోజు సుగుణ మాట్లాడితే మీకెవరికీ వినపడలేదు. అది భయపడి కాదండి. మైకూ పాడవలేదు. నేనే తగ్గించానండి. బాబుగారు కండువా ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మారిస్తే తగ్గించమని నాకు సైగ."

మైదానం మొత్తం కండువా వైపు చూసింది. సరిగ్గా అప్పుడే ఆయన చెయ్యి దానిమీద ఉంది. పాపం, మారుద్దామనుకున్నాడో లేదో, అలా పట్టుకుని ఉండిపోయాడు. ట్రాక్టర్ మీద వచ్చిన ఒక ముసలావిడ, "మార్చండి బాబూ, మార్చండి, సూత్తాం" అంది. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

సుగుణ లేచి వచ్చింది. మైకు దాని ఎత్తుకు దించాను.

"నా పేరు సుగుణండి..."

ఎవడో పరిగెత్తుకెళ్ళి స్కూలు మీటరు దగ్గర ఫ్యూజు పీకేశాడు. వేదిక మీద ఫ్యాన్లు ఆగాయి. పైనున్నవాళ్ళ ముఖాల్లోకి ప్రాణం వచ్చింది. కానీ గొట్టాలు ఆగలేదు. బ్యాటరీ మీద గొంతు కొంచెం సన్నబడుతుంది, అంతే.

"...నేను కేసు వద్దని నా ఇష్టంతో రాయలేదండి. తలుపేసి రాయించారండి. నేను ఆ ఇంటికి పోనని చెప్పాను. అయినా పంపారండి. ఈ చెయ్యి ఆ తరవాత విరిగిందండి. ఆ రాయించుకున్న కాగితం నాకిచ్చెయ్యండి. నేను దేవతని కాదండి. నాకు దణ్ణాలొద్దు. నా కాగితం ఇమ్మనండి."

అంతే మాట్లాడింది. గట్టిగా లెక్కపెడితే నాలుగు ముక్కలు. ఆ తరవాత కార్యకర్తలు వచ్చి వైర్లు కోసేశారు. గొట్టాలు చెట్టు మీంచి విసిరారు, రెండు సొట్టపోయాయి. ఆంప్లిఫయర్ మీద నేను పడుకున్నాను, దాన్ని ఎవరూ ముట్టుకోలేకపోయారు. కోస్తే కొయ్యనీ అనుకున్నాను. ఊరు వినేసింది. విన్నదాన్ని వెనక్కి లాగే బటను ఏ సామానులోనూ లేదు.

మర్నాడు పొద్దున పాపారావు గారు మా అరుగు దగ్గరికి వచ్చాడు. మొట్టమొదట చెప్పిన మాటలు అప్పటివే.

తరవాత

అంతా మంచే జరిగిందని చెప్పను. ఆ ఎన్నికల్లో మళ్ళీ వాళ్ళే గెలిచారు. స్టేషన్లో నా మైకుకి పర్మిషన్ ఇవ్వడం మానేశారు, ఎప్పుడడిగినా ఎస్సైగారు లేరనేవాళ్ళు. పెళ్ళివాళ్ళు వేరే సెట్టు పెట్టుకున్నారు. కొందరు మళ్ళీ తడిక మాట ఎత్తారు. "అయితే పిలవకండి" అన్నాను.

మా ఇంటి గోడ మీద ఎర్రరంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాశారు. నాకు చదువు రాదు కదా, ఎన్నికల రాతలేమో అనుకుని నాలుగు రోజులు ఊరుకున్నాను. పాల వాడు గొణుగుతూ చెప్పాడు, దేశద్రోహి అని ఉందని. చెరిపేద్దామా అన్నాడు. వద్దన్నాను. మాట్లాడే మనిషికి మైకు పెట్టడం ద్రోహమైతే ఉండనీ అన్నాను. ఆ తరవాత మా ఇంటికి అడ్రసు చెప్పడం కూడా తేలికైంది. పేటల్లో వాళ్ళు, చర్చివాళ్ళు, కూలి సంఘాలవాళ్ళు, "ఎర్ర అక్షరాల గోడ" అని అడుగుతూ వచ్చేవాళ్ళు మైకు కోసం. వాళ్ళతోనే బతికాను.

సుగుణ కాగితం వారంలో తిరిగొచ్చింది. ఎవరో కవర్లో పెట్టి కాకినాడ పంపారు. కేసు మళ్ళీ పెట్టింది, ఏళ్ళు సాగింది, విడిపోయింది. చెయ్యి పూర్తిగా తిన్నగా రాలేదు. ఇప్పటికీ జాకెట్లు కుడుతుంది. మిల్లు వీధి నుంచి ఆ తరవాత ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు స్టేషను మెట్లెక్కారు. వాళ్ళని ఎవరూ కొట్టు వెనక గదికి తీసుకుపోలేదు. తీసుకుపోతే మైదానంలో మాట వస్తుందని తెలుసు.

ఆ పార్టీలో అందరూ చెడ్డవాళ్ళని నేను అనను. నన్ను తడిక వెనక నుంచి తెచ్చింది ఆ పాపారావు గారే, అది నిజం. ఆ నిజం దాచను. కానీ ఊళ్ళో గుడీ, బడీ, సంతా, పుస్తకాలూ ఒక్కరి చేతిలో ఉంటే, వాళ్ళు ఎంత మర్యాదస్థులైనా, కింద మైకు అందం కోసమే ఉంటుంది. దేశం తల్లి అంటారు. మంచిదే. ఏ తల్లి అయినా పిల్ల మాట్లాడుతుంటే వింటుంది. వినకుండా దణ్ణం పెట్టించుకునేది తల్లి కాదు, బొమ్మ.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇంకేం చెప్పను? బ్యాటరీ ఎప్పుడూ చార్జి చేసి ఉంచుకోండి. కుర్చీ మీ ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. మీకు మర్యాద చేసినవాళ్ళ సభలో రెండింతలు జాగ్రత్తగా ఉండండి. మాట్లాడేది మీకు నచ్చని మనిషైనా తగ్గించకండి. నాకు పాపారావు గారి మాటలు నచ్చని రోజుల్లో కూడా ఆయన మైకు తగ్గించలేదు. వందన సమర్పణ అప్పుడు ఒక్కసారి తప్ప. అది కూడా తప్పే అంటే ఒప్పుకుంటాను, మళ్ళీ అవసరమైతే మళ్ళీ చేస్తాను.

సునీతా, ఇక చాలు. అలసిపోయాను. నువ్వు మధ్యలో రెండుసార్లు ఆగావు, నేను చూశాను. సుగుణ మైకు నేను తగ్గించానన్న చోట ఒకసారి, బస్టాండులో వైరు తెగిందన్న చోట ఒకసారి. "అత్తా, ఇది రాయాలా" అన్నావు. రాశానన్నావు. రాశావో, మేనత్త మీద జాలిపడి 'మైకు పాడైంది' అని మార్చావో నాకెలా తెలుస్తుంది? అక్షరాలు నీ చేతిలో ఉన్నాయి, నేను నీ ముఖం చూస్తూ కూర్చున్నాను. సుగుణ నన్ను చూసినట్టు. ముందు అక్కడి నుంచి చదవమ్మా. కిటికీ తెరిచి, వీధిలోకి వినపడేలా చదువు.